పాత స్పోర్ట్స్ కారులో సీటూ ఫ్లోరూ: చిన్న పని అంత పెద్దది ఎందుకవుతుంది?

పాత స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట "ఫ్లోర్ పోయింది" అని. గందరగోళం అక్కడ మొదలవుతుంది. ఒక మెకానిక్ రెండు రోజుల్లో అతుకు వేసి ఇచ్చేస్తా అంటాడు, ఇంకొకాయన అదే కారు చూసి బాడీ మొత్తం విప్పాలి, నెలలు పడుతుంది అంటాడు, వీడియోల్లో చూస్తే ఎవరో శనివారం పొద్దున గ్రైండర్ పట్టుకుని ఆదివారం సాయంత్రానికి సీట్లు కూడా బిగించేసి రోడ్డెక్కేస్తుంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. వాళ్లు మాట్లాడేది వేరే వేరే కార్ల గురించి, లేదంటే ఒకే కారులో వేరే వేరే లోతుల గురించి.

ఇంకో చిక్కేంటంటే సీట్ల పని, ఫ్లోర్ పని వేరువేరు అనుకుంటాం. సీట్లు కుషన్ కుట్టేవాళ్ల దగ్గరికి, ఫ్లోర్ టింకరింగ్ వాళ్ల దగ్గరికి పోతాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ కారు వైపు నుంచి చూస్తే మనిషి బరువు సీటు మీద, సీటు నాలుగు బోల్టుల మీద, ఆ బోల్టులు ఒక మిల్లీమీటరు మందం రేకు మీద, ఆ రేకు సిల్ మీద ఆధారపడి ఉంటాయి. ఈ వరసలో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా మిగతావి ఎంత కొత్తవైనా ఉపయోగం లేదు.

ముందు ఏది ఏంటో చూద్దాం

ఫ్లోర్ పాన్ అంటే కాళ్ల కింద, సీటు కింద ఉండే రేకు. సిల్ అంటే తలుపు కింద ముందు చక్రం దగ్గర్నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా పోయే డొల్ల పెట్టె లాంటి భాగం, బయటికి కనిపించేది ఔటర్ సిల్, లోపల కార్పెట్ వెనక ఉండేది ఇన్నర్ సిల్. కారు మధ్యలో గేర్‌బాక్సూ, దాని వెనక తిరిగే షాఫ్టూ పోయే గూడుని టన్నెల్ అంటారు. ఇటు సిల్‌కీ అటు టన్నెల్‌కీ మధ్య అడ్డంగా వేసిన పట్టీ క్రాస్‌మెంబర్, చాలా కార్లలో ఇది సరిగ్గా సీటు కిందే పోతుంది. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాల్ని రన్నర్లంటారు. ఇంకొకటి క్యాప్టివ్ నట్, అంటే స్పానర్‌తో పట్టుకోవక్కర్లేకుండా రేకు కిందే ముందుగా అతికించేసిన నట్టు. చూడ్డానికి చిన్నదే గానీ పాత కారులో సీటు ఊడదీసేటప్పుడు సగం తలనొప్పి దీనితోనే, తుప్పు పట్టి బోల్టుతో పాటే తిరుగుతూ ఉంటుంది, పైనుంచి ఎంత తిప్పినా బోల్టు రాదు, కిందికి దూరి చూస్తే నట్టు చుట్టూ ఉన్న రేకే పొడిపొడిగా ఉంటుంది.

ఏ కారులో ఫ్లోర్ ఏం పని చేస్తుంది?

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. కొన్ని కార్లలో ఫ్లోర్ అంటే కాళ్లు పెట్టుకునే పలక, అంతే. ఎంజీ టీడీ లాంటి పాత ఎంజీల్లో, మోర్గాన్లలో కింద వేరే ఛాసిస్ ఉంటుంది, దాని మీద చెక్క పలకలే ఫ్లోర్. అవి పుచ్చిపోతే విప్పి కొత్త ప్లైవుడ్ కోసి బిగించుకోవచ్చు, వెల్డింగ్ మాటే లేదు. ట్రయంఫ్ టీఆర్ వరస, టీఆర్2 నుంచి టీఆర్6 దాకా, రేకు ఫ్లోరే గానీ కింద బలమైన ఛాసిస్ వేరుగా ఉంటుంది, అంచేత ఫ్లోర్ కోసేసినంత మాత్రాన కారు వంగిపోదు, కాకపోతే తలుపుల సందులు మారిపోయే ప్రమాదం అక్కడా ఉంది.

రెండో రకం మోనోకాక్, అంటే ఛాసిస్ వేరుగా లేకుండా రేకుల పెట్టే బలమంతా మోస్తుంది. 1962లో వచ్చిన ఎంజీబీ ఇలాంటిదే, డాట్సన్ 240జడ్ ఇలాంటిదే, జాగ్వార్ ఈ-టైప్‌లో ముందు ఇంజిన్ ఫ్రేము బోల్టులతో బిగించినది తప్ప మనుషులు కూర్చునే భాగమంతా మోనోకాకే. వీటిలో ఫ్లోర్, సిల్, టన్నెల్ మూడూ కలిసి కారు వెన్నెముక. పైగా టాప్ లేని కారైతే పరిస్థితి ఇంకా సున్నితం. చెప్పుల డబ్బా మూత తీసి రెండు చేతుల్తో మెలితిప్పి చూడండి, మూత ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా వెంటనే తెలుస్తుంది. ఓపెన్ కారుకి మూత లేదు, అందుకే తయారు చేసినవాళ్లు ఆ బలాన్నంతా సిల్స్‌లోకీ టన్నెల్‌లోకీ దింపేశారు.

మధ్యరకం కార్లు ఎక్కువ మోసం చేస్తాయి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కి కింద ఛాసిస్ ఉంది కదా అని ధైర్యంగా సిల్స్ కోసేస్తారు, కానీ ఆ ఛాసిస్ మధ్యలో సన్నగా పోతుంది, పక్కల బలం బాడీ సిల్సే ఇవ్వాలి, వెనక చక్రాల్ని ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునే రాడ్లు కూడా సీటు వెనక బాడీ రేకుకే తగిలించి ఉంటాయి. కాబట్టి స్పిట్‌ఫైర్‌లో ఆ రేకు తుప్పు పడితే కారు నడిచే తీరే మారిపోతుంది. లోటస్ ఎలాన్ ఇంకో దారి, ఫైబర్ గ్లాస్ బాడీ, మధ్యలో స్టీలు వెన్నెముక. అక్కడ ఫ్లోర్‌కి తుప్పు రాదు, కానీ బోల్టులు పట్టుకోవడానికి ఫైబర్‌లో పొదిగిన లోహపు ముక్కలు ఊడిపోవడం, వాటి చుట్టూ ఫైబర్ చిట్లడం ఉంటాయి.

తుప్పు పైనుంచా, కిందినుంచా?

రోడ్డు మీది నీళ్లు కొట్టి కిందినుంచి తుప్పు పడుతుందని అందరూ అనుకుంటారు. అదీ ఉంది, కానీ చాలా పాత స్పోర్ట్స్ కార్లలో ఫ్లోర్ లోపలినుంచే చస్తుంది. టాప్ రబ్బర్లు గట్టిపడి వాన నీళ్లు లోపలికి కారతాయి, ఆ నీళ్లు కార్పెట్ కింద ఉన్న ఫెల్ట్‌లో నిలిచిపోతాయి, పైన ముట్టుకుంటే కార్పెట్ పొడిగానే ఉంటుంది, కింద రేకు మాత్రం వారాల తరబడి తడిలో నానుతుంటుంది. ఎంజీబీలో అద్దం ముందు గాలి తీసుకునే జాలీ ఉంటుంది, అందులో పడ్డ నీళ్లు పోవడానికి ఒక డ్రెయిన్ గొట్టం ఉంటుంది, అందులో ఆకులూ మట్టీ పేరుకుని మూసుకుపోతే నీళ్లు కాళ్ల దగ్గరికే వచ్చేస్తాయి. డ్రైవర్ వైపు ఇంకో శత్రువు బ్రేక్ ఆయిల్. పెడల్ పైన ఉండే మాస్టర్ సిలిండర్ సన్నగా లీకైతే ఆ ద్రవం పెయింట్‌ని కరిగించేస్తుంది, పెయింట్ పోయిన చోట తుప్పు తనంతట తనే వస్తుంది.

కిందినుంచి వచ్చే తుప్పుకి ఎక్కువసార్లు కారణం రక్షణ కోసం పూసిన నల్లటి తారు లాంటి అండర్‌సీలే. కొత్తలో బాగానే ఉంటుంది, ఏళ్లు గడిచాక గట్టిపడి బీటలిస్తుంది, బీటల్లోంచి తడి లోపలికి పోయి మళ్లీ బయటికి రాదు. పైకి చూస్తే నున్నగా నల్లగా, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. ఇలాంటి కారు అమ్మేవాళ్లు "కింద ఫుల్ కోటింగ్ వేయించాం" అని గొప్పగా చెప్తే ఇంకాస్త గట్టిగా పొడిచి చూడాలనిపిస్తుంది నాకైతే.

ఈ నీళ్ల దారి మూయకుండా కొత్త ఫ్లోర్ వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రేకు మందం లెక్క

పాత స్పోర్ట్స్ కార్ల ఫ్లోర్ రేకులు ఎక్కువగా 18 గేజ్ నుంచి 20 గేజ్ మధ్య ఉంటాయి, అంటే సుమారు 1.2 ఎంఎం నుంచి 0.9 ఎంఎం. కొత్త ప్యానెల్ కొనేటప్పుడు 0.3 ఎంఎం తేడాకి ఏమైపోతుందిలే అనిపిస్తుంది. కానీ చదునైన రేకు వంగకుండా నిలబడే గుణం మందానికి ఘనంగా పెరుగుతుంది, అంటే మందాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని మళ్లీ మందంతో గుణించాలి. 0.9ని 1.2తో భాగిస్తే 0.75, 0.75 × 0.75 × 0.75 చేస్తే సుమారు 0.42. అంటే మందం పావు వంతు తగ్గితే గట్టితనం సగానికంటే కిందికి పడిపోయింది. అదే లెక్కలో 1.2 ఎంఎం రేకుని తుప్పు తినేసి 0.6 అయిందంటే మిగిలేది ఎనిమిదో వంతే, కంటికి చిల్లు ఒక్కటి కూడా కనిపించకపోయినా సరే.

ఒరిజినల్ ఫ్లోర్లలో అచ్చు కొట్టిన గీతలు, గట్లు ఉంటాయి కదా, అవి అందానికి కాదు. రేకుని అలా మడతలు పెడితే అదే మందంలో చాలా ఎక్కువ గట్టిదనం వస్తుంది. చదును రేకు కోసి వెల్డ్ చేసిన ఫ్లోర్ మీద కాలు పెడితే డబ్బా మూతలా టక్కుమని లోపలికి పోయి పైకి రావడం, ఇంజిన్ తిరుగుతుంటే ఒక స్పీడులో గుయ్యిమని మోత రావడం దీనివల్లే. కాబట్టి "మందం రేకు వేశాం, ఒరిజినల్ కంటే గట్టిది" అనే మాట నమ్మేముందు గట్లు ఉన్నాయా లేవా చూడాలి.

అతుకా, మొత్తం ప్యానెలా?

ఇక్కడ రెండు వాదాలూ గట్టివే. అతుకు వేసేవాళ్ల మాటేంటంటే ఫ్యాక్టరీ రేకు, ఫ్యాక్టరీ వెల్డింగ్ ఎంత మిగిలితే అంత మంచిది, పాత రేకు ఉన్న చోటే ఉంటుంది కాబట్టి కారు కొలతలు మారవు, కొత్త ప్యానెళ్లు అన్నీ సరిగ్గా కూర్చోవు కూడా. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తెచ్చిన టూరిన్ చార్టర్ ఆలోచన కూడా ఈ దారిలోనే ఉంటుంది, మార్చేయడం కంటే ఉన్నది కాపాడటానికే మొదటి చోటు.

మొత్తం మార్చాలనేవాళ్ల మాట ఇంకోలా ఉంటుంది. తుప్పు కనిపించిన చోట ఆగదు, చుట్టూ రేకు కూడా పలచబడే ఉంటుంది, పలచటి రేకుకి వెల్డింగ్ పెడితే చిల్లు పడుతుంది, ఆ చిల్లు మూయబోతే పక్కన ఇంకోటి. చివరికి ఫ్లోర్ అంతా అతుకుల బొంత అవుతుంది, ఒక్కో అతుకు అంచూ తడి పట్టుకునే కొత్త జాగా.

తేడా చెప్పే ఉదాహరణ ఒకటి. డ్రైవర్ మడమ ఆనే చోట అరచేతంత చిల్లు, చుట్టూ సుత్తితో కొడితే టంగుమని గట్టి శబ్దం, సీటు బోల్టులకీ సిల్‌కీ దూరం. ఇక్కడ అతుకే తెలివైన పని, మొత్తం కోస్తే లేని సమస్య తెచ్చుకున్నట్టు. ఇప్పుడు అదే చిల్లు ఫ్లోర్ సిల్‌ని కలిసే అంచులో ఉందనుకోండి. ఎంజీబీలో ఆ అంచు దగ్గర ఫ్లోర్, ఇన్నర్ సిల్, కింద క్యాజిల్ రెయిల్ అని పిలిచే పొడవాటి పట్టీ, లోపల ఇంకో నిలువు రేకు, బయట ఔటర్ సిల్ అన్నీ ఒకదానికొకటి కలుస్తాయి. అక్కడ ఫ్లోర్ తుప్పంటే దాని అర్థం సిల్ లోపల తుప్పు మొదలై ఇటు బయటపడింది అని. ఫ్లోర్ ఒక్కటే మార్చితే కొత్త రేకుని తుప్పుకి వెల్డ్ చేసినట్టు. "రెండు రోజులు" అన్న మాట "నెలలు" అయ్యేది సరిగ్గా ఈ గీత దగ్గరే. పాత సిల్ తీయకుండా దాని మీదే తొడుగులా ఇంకో సిల్ వెల్డ్ చేసి పెయింట్ కొట్టిన కార్లు బోలెడు, బయటికి అద్దంలా మెరుస్తుంటాయి.

ఇంకో దారి కూడా ఉంది, మొత్తం బాడీ షెల్లే కొత్తది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి ఎంజీబీ షెల్స్ కొత్తగా తయారు చేసింది, 1992లో వచ్చిన ఎంజీ ఆర్‌వీ8 కారు పుట్టింది కూడా ఆ ప్రయత్నంలోంచే. తుప్పు సమస్య ఒక్క దెబ్బతో పోతుంది. అయితే అప్పుడది అదే కారా అనే ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు.

కోసేటప్పుడు కారు కదలకుండా

మోనోకాక్ ఓపెన్ కారులో సిల్ కోసిన క్షణం ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య పట్టు తగ్గిపోతుంది. కారుని ముందు చివరా వెనక చివరా మాత్రమే జాక్ స్టాండ్ల మీద పెట్టి ఉంటే మధ్య భాగం తన బరువుకి కిందికి జారుతుంది. ఎంత జారుతుందంటే చూపుకి ఏం తెలియదు, తలుపు మాత్రం చెప్తుంది. తలుపు వెనక అంచు సందు పైనా కిందా 4 ఎంఎం సమానంగా ఉండేది, ఇప్పుడు పైన 2, కింద 6 అయిందనుకుందాం. తలుపు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే ఆ 4 ఎంఎం తేడా అంటే అర డిగ్రీ లోపే మడత. కొత్త సిల్ ఆ స్థితిలో వెల్డ్ చేసేస్తే ఆ మడత శాశ్వతం, తర్వాత తలుపు కీళ్లు ఎంత సర్దినా, పుట్టీ ఎంత పెట్టినా ఏదో ఒక చోట తన్నుతూనే ఉంటుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు కోతకి ముందే తలుపు గుమ్మంలో అడ్డంగా, ఏటవాలుగా ఇనప గొట్టాలు వెల్డ్ చేసి బిగిస్తారు, సందులు కొలిచి రాసుకుంటారు, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకుంటారు, మధ్యమధ్యలో తలుపు తగిలించి చూస్తారు. తలుపులు, ఇంజిన్ ఉంచి చేయాలా తీసేసి చేయాలా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. బరువు ఉంటే కారు రోడ్డు మీద ఉన్న ఆకారంలో ఉంటుందని ఒకరు, బరువు తీస్తే వంగేదే తక్కువని ఇంకొకరు. నాకు రెండోదే కాస్త సబబుగా తోస్తుంది, గొట్టాలు బిగించేటప్పుడు సందులు కరెక్టుగా ఉంటే చాలు.

వెల్డింగ్ రకాలు ఎందుకిన్ని?

ఫ్యాక్టరీలో ఈ రేకుల్ని ఎక్కువగా స్పాట్ వెల్డ్ చేశారు, రెండు రేకుల్ని రెండు వైపులా నొక్కి కరెంటు పంపితే చుక్కలా అతుక్కుంటుంది. గ్యారేజీలో దానికి దగ్గరగా చేసేది ప్లగ్ వెల్డ్, పై రేకుకి 6 నుంచి 8 ఎంఎం చిల్లులు వరసగా వేసి ఆ చిల్లుల్లోంచి కింది రేకుకి మిగ్ వెల్డింగ్‌తో, అంటే కరెంటుతో తీగ కరిగించి అతికించే పద్ధతితో, నింపడం. పొడుగ్గా ఆపకుండా గీసే సీమ్ వెల్డ్ ఎక్కువ బలం అనుకుంటారు గానీ, ఒకేసారి గీస్తే వేడికి పలచటి రేకు మెలికలు తిరుగుతుంది, అందుకే ముక్కముక్కలుగా, అక్కడొకటి ఇక్కడొకటి పెట్టుకుంటూ పోయి చివరికి కలుపుతారు. బ్రిటన్‌లో వాహన తనిఖీ ఎంఓటీ దీన్ని ఇలా చూస్తుంది: బరువు మోసే చోట అతుకు వేస్తే చుట్టూ సీమ్ వెల్డ్ ఉండాలి, మొత్తం ప్యానెల్ మార్చితే మాత్రం ఒరిజినల్‌గా ఎలా అతికించారో అలాగే చేయొచ్చు. బెల్టు బిగించే చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు తుప్పుని అక్కడ ప్రత్యేకంగా చూస్తారు, సీటు కింద ఫ్లోర్‌లో చాలా భాగం ఆ పరిధిలోకే వస్తుంది.

జింక్ పూత ఉన్న రేకు వాడితే తుప్పు బెడద తగ్గుతుందా అంటే తగ్గుతుంది, పోర్షె 911 బాడీలకి 1976 మోడల్ నుంచి జింక్ పూత ఇచ్చింది అందుకే. కాకపోతే వెల్డ్ చేసే చోట ఆ జింక్ కాలిపోతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులు వస్తాయి, పూత గీకి, గాలి ఆడే చోట చేయాల్సిందే. జిగురుతో అతికిస్తే సరిపోదా అనే ప్రశ్న కూడా వస్తుంటుంది, 1996 లోటస్ ఎలీజ్ అల్యూమినియం ఛాసిస్ జిగురుతో అతికించిందే కదా అని. నిజమే, కానీ ఆ కారుని మొదటినుంచీ దానికోసమే డిజైన్ చేశారు. జిగురు పక్కకి లాగే బలానికి గట్టిగా నిలుస్తుంది, అంచు నుంచి ఒలిచే బలానికి బలహీనం, తుప్పు గీకిన గరుకు రేకు మీద ఇంకా బలహీనం.

సీటు బోల్టు మీద నిజంగా ఎంత బలం పడుతుంది?

ఇది చాలామంది దాటేసే భాగం. అమెరికా వాహన భద్రతా ప్రమాణాల్లో 207వది సీట్ల గురించి, అందులో సీటు తన బరువుకి 20 రెట్ల బలాన్ని తట్టుకోవాలని ఉంటుంది. 12 కిలోల సీటు అనుకుందాం, 20 రెట్లంటే 240 కిలోల బలం. నాలుగు బోల్టులు కాబట్టి తలా 60 అనుకుంటే పొరపాటు. సీటు బరువు మధ్యబిందువు ఫ్లోర్‌కి 25 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు బోల్టులకీ వెనక బోల్టులకీ మధ్య 30 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు గుద్దుకున్నప్పుడు సీటు ముందుకి తిరగబడాలని చూస్తుంది, వెనక బోల్టులు పైకి లాగబడతాయి. 240ని 25తో గుణించి 30తో భాగిస్తే 200, అంటే వెనక ఒక్కో బోల్టుని 100 కిలోల బలం రేకులోంచి పైకి పీకుతోంది.

వెనకనుంచి ఎవరైనా గుద్దితే ఇంకా ఎక్కువ. అప్పుడు బెల్టు పెద్దగా సాయం చేయదు, మనిషి నడుం పై భాగమంతా సీటు వీపు మీదే పడుతుంది. ఆ భాగం 40 కిలోలు, గుద్దు బలం 10 రెట్లు, ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుంటే 400ని 45తో గుణించి 30తో భాగించాలి, 600 వస్తుంది. ఈసారి ముందు బోల్టులు ఒక్కోటీ 300 కిలోల లాగుడు మోయాలి. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే, కానీ నాలుగు బోల్టులూ ఎందుకు ముఖ్యమో, వెనక రెండూ బాగున్నాయి చాల్లే అని ఎందుకు అనుకోకూడదో ఇవి చెప్తాయి.

బోల్టు తెగడం అరుదు, రేకు చిరిగి బోల్టు ఊడి రావడమే ఎక్కువ. 16 ఎంఎం వాషర్ కింద ఉంటే రేకు చిరగాల్సిన చుట్టుకొలత సుమారు 50 ఎంఎం. దాని బదులు 50కి 50 ఎంఎం పలక, 3 ఎంఎం మందంది పెడితే చుట్టుకొలత 200 ఎంఎం, అంటే దాదాపు నాలుగు రెట్లు. కొత్త ఫ్లోర్ ప్యానెళ్లలో కొన్నిటికి సీటు చిల్లులు కొట్టి ఉండవు, క్యాప్టివ్ నట్లు ఉండవు, క్రాస్‌మెంబర్‌లో ఉండాల్సిన బలం పలక కూడా ఉండదు, అవన్నీ పాత దాంట్లోంచి కొలిచి పెట్టుకోవాల్సిందే. పాత ఫ్లోర్ పారేసిన తర్వాత కొలతలు గుర్తొస్తే ఏం లాభం.

బెల్టు విషయం పూర్తిగా వేరే స్థాయి. మూడు చోట్ల బిగించే బెల్టుని వోల్వోలో నిల్స్ బోలిన్ 1959లో తెచ్చాడు, అంతకుముందు, ఆ దరిదాపుల్లో డిజైన్ అయిన స్పోర్ట్స్ కార్లు చాలావాటికి బెల్టు తర్వాత తగిలించిందే. అమెరికా 210వ ప్రమాణం ప్రకారం మూడు చోట్ల బెల్టుకి నడుం భాగానికి 13,345 న్యూటన్లు, భుజం భాగానికి అంతే ఒకేసారి తట్టుకోవాలి, రెండూ కలిపితే సుమారు 2,700 కిలోల బలం. సీటుకి 240, బెల్టుకి 2,700. మోడ్రన్ సీటు ఒకటి తెచ్చి, దాని బెల్టు కొక్కెం సీటుకే ఉంటే, ఆ సీటుని పాత ఫ్లోర్‌కి నాలుగు బోల్టులతో బిగించడం అంటే 240 కోసం చేసిన రేకు మీద అంతకు పది రెట్లకు మించిన బలం వేయడమే. బెల్టు విడిగా సిల్‌కీ టన్నెల్‌కీ ఉంటే ఈ సమస్య రాదు.

బోల్టుల మర విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బెల్టు బోల్టు ప్రపంచమంతా 7/16 అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర), అంగుళానికి 20 మరలు, జపాన్ కారైనా జర్మన్ కారైనా ఎక్కువగా అదే. సీటు బోల్టులు మాత్రం దేశాన్ని బట్టి. 60ల బ్రిటిష్ కార్లలో కనిపించే 5/16 యూఎన్ఎఫ్ బోల్టు 7.94 ఎంఎం లావు, మెట్రిక్ కొలత ఎం8 బోల్టు 8 ఎంఎం, చేతిలో పట్టుకుంటే ఒకేలా ఉంటాయి. మరల దూరం మాత్రం ఒకదానికి 1.06 ఎంఎం, ఇంకోదానికి 1.25. రెండు చుట్లు బాగానే ఎక్కుతుంది, మూడో చుట్టుకి బిగుసుకుంటుంది, ఇంకాస్త బలం పెడితే కొత్త నట్టు మర పోతుంది.

సీటు లోపల ఏముంది, ఎత్తు ఎందుకు మారుతుంది?

పాత సీటు చాలా సింపుల్. ఇనప ఫ్రేము, దాని మీద రబ్బరు పట్టీలు గానీ కొక్కేలతో సాగదీసిన రబ్బరు షీటు గానీ, పైన ఫోమ్, ఆ పైన లెదరో రెగ్జినో. సీటు కుంగిందంటే అందరూ ఫోమ్‌నే తిడతారు, చాలాసార్లు అసలు దోషి కింద సాగిపోయిన రబ్బరు. రబ్బరు మార్చకుండా కొత్త ఫోమ్ పెడితే కొన్ని నెలలు బాగుండి మళ్లీ గుంట పడుతుంది. పాత లెదర్ పగుళ్లిచ్చినా కుట్టు బాగుంటే దాన్ని శుభ్రం చేసి రంగు వేసి ఉంచేవాళ్లున్నారు, కొత్త కవర్లు తొడిగేవాళ్లున్నారు. కొత్త కవరు మొదట్లో బిగుతుగా ఉండటం లోపం కాదు, కాస్త వేడి తగిలితే సాగి కూర్చుంటుంది.

అన్నీ కొత్తవి వేశాక "కారులో పట్టట్లేదు" అనే ఫిర్యాదు ఎక్కడినుంచి వస్తుందో ఈ లెక్క చూడండి. పాత సీటు కుంగి 30 ఎంఎం కిందికి పోయి ఉంది, డ్రైవర్ దానికే అలవాటు పడ్డాడు. కొత్త ఫోమ్ గట్టిది, ఒరిజినల్ కంటే 15 ఎంఎం ఎత్తు. ఫ్లోర్ మీద శబ్దం తగ్గించే షీటు 2, ఫోమ్ పొర 6, కార్పెట్ 8, వాటి మీదే రన్నర్లు పెట్టి బిగించారు, అది ఇంకో 16. మొత్తం 61 ఎంఎం. ఇంత చిన్న కారులో ఆరు సెంటీమీటర్లంటే తొడలు స్టీరింగ్‌కి తగులుతాయి, కళ్లు అద్దం పై పట్టీకి ఎదురుగా వస్తాయి. పైగా మెత్తటి పొరల మీద బిగించిన బోల్టు పొరలు అణిగే కొద్దీ వదులవుతుంది. అందుకే రన్నర్ల కింద కార్పెట్ కోసి గట్టి స్పేసర్ మీద కూర్చోబెడతారు, ఎంజీబీలో ఫ్యాక్టరీయే రన్నర్ల కింద చెక్క పట్టీలు పెట్టింది, చాలామంది అవి ఎవరో తర్వాత పెట్టిన అతుకులనుకుని పారేస్తుంటారు.

ఒరిజినలా, సౌకర్యమా?

ఈ గొడవకి జాగ్వార్ ఈ-టైప్ మంచి ఉదాహరణ. 1961లో వచ్చిన మొదటి కార్లకి ఫ్లోర్ చదునుగా ఉండేది, పొడుగు మనుషులకి కాళ్లు పట్టక ఇబ్బంది, అంచేత 1962లో కాళ్ల దగ్గర ఫ్లోర్‌ని పల్లంగా మార్చారు. కూర్చోవడానికి కొత్తదే హాయి. కానీ ఇవాళ కలెక్టర్లు ఎగబడేది ఆ ఇబ్బంది పెట్టే ఫ్లాట్ ఫ్లోర్ కార్ల కోసం. అలాంటి కారులో తుప్పు పట్టిన ఫ్లోర్ బదులు తర్వాతి మోడల్ ప్యానెల్ వేస్తే డ్రైవింగ్ సుఖం పెరుగుతుంది, కారు విలువ పడుతుంది.

సీట్లలోనూ అంతే. అమెరికాలో అమ్మే కార్లకి 1969 నుంచి తల వెనక హెడ్ రెస్ట్ తప్పనిసరి అయింది, అంతకుముందు సీట్లు భుజాల దాకానే ఉండేవి. వెనకనుంచి గుద్దితే మెడకి ఏ ఆసరా లేదు, కాబట్టి ఎత్తు సీటు పెట్టుకుంటామనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. పొట్టి సీటు లేకపోతే కారు రూపమే పోతుందనేవాళ్ల బాధా అర్థమవుతుంది. మధ్యేమార్గంగా కొందరు పాత సీట్లు, రన్నర్లు అలాగే దాచిపెట్టి, ఒరిజినల్ చిల్లుల్లోనే కూర్చునే అడాప్టర్ ఫ్రేము మీద వేరే సీటు వాడతారు, ఫ్లోర్‌కి కొత్త చిల్లు ఒక్కటి కూడా పడదు. ఆ అడాప్టర్ ఎత్తు కూడా పై లెక్కలో కలుస్తుందన్నది గుర్తుంటే సరి.

చట్టం సంగతి దేశానికో రకం. బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకి, పెద్ద మార్పులు చేయకపోతే, ఎంఓటీ తప్పనిసరి కాదు. అదే రకం ప్యానెల్‌తో ఫ్లోర్ మార్చడం అక్కడ పెద్ద మార్పు కిందికి రాదు, మోనోకాక్ ఆకారమే మార్చేస్తే వస్తుంది. దీనివల్ల ఒక తిరకాసు కూడా వచ్చింది: ఏటా ఎవరో ఒకరు కింద పొడిచి చూసే పని లేకపోవడంతో, పాత కారు కొనేవాళ్లకి ఫ్లోర్ ఎలా ఉందో చెప్పే తాజా కాగితం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కార్పెట్ ఎత్తి, సీటు ముందుకి జరిపి వెనక బోల్టుల చుట్టూ రేకు చూడటం, కిందినుంచి అదే బోల్టుల దగ్గర పలక ఉందో లేదో, అండర్‌సీల్ మిగతా చోట కంటే అక్కడే కొత్తగా ఉందో చూడటం, రెండు తలుపుల సందులూ పైనా కిందా కొలవడం, ఈ మూడూ అమ్మేవాళ్ల మాటలకంటే ఎక్కువ చెప్తాయి.